టమోటా రేటు మీ యాప్‌లోకి రావాలంటే: ప్రభుత్వ ఏపీఐ కీ తీసుకునే విధానం

పలమనేరు దగ్గర మా చిన్నాన్న టమోటా పెడతాడు. కోతకు ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "ఈ పొద్దు మదనపల్లెలో ఎంత పోయింది రా" అంటాడు, తిరుపతిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి అన్నీ తెలుస్తాయని ఆయన లెక్క. అందుకే ఒక చిన్న పేజీ రాసుకున్నా.

మార్కెట్ రేట్లు ప్రభుత్వ డేటా సైటు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో దొరుకుతాయి, 2012 నుంచి ఉన్న సైటే. మన ప్రోగ్రామ్ నేరుగా ఆ డేటా అడిగే దారి ఏపీఐ, అడుగుతున్నది ఎవరో చెప్పే రహస్య కోడ్ కీ. కీ కోసం మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు, ఫీజు లేదు. రిజిస్టర్ అయి, లాగిన్ అయి, మీ అకౌంట్ పేజీ తెరిస్తే కీ అక్కడే కనిపిస్తుంది. తర్వాత మండీ ధరల డేటాసెట్ పేజీకి వెళ్లి దాని రిసోర్స్ ఐడీ (ఏ డేటాసెట్ కావాలో చెప్పే గుర్తింపు కోడ్) రాసుకోండి, కీ ఎంత ముఖ్యమో అదీ అంతే. శాంపిల్ కీ కూడా ఒకటి ఇస్తారు గానీ దాంతో ఒకసారికి 10 రికార్డులే వస్తాయి, మిగతా డేటా ఏమైందని నేను ఒక రాత్రంతా వెతికా.

కీని బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లో మాత్రం పెట్టొద్దు, ఎవరైనా చూసేస్తారు. సర్వర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే కోడ్ బయట పెట్టే సెట్టింగ్‌గా ఉంచండి.

ఇక అసలు గోల ఫెచ్‌తో, అంటే జావాస్క్రిప్ట్‌లో నెట్ నుంచి డేటా తెచ్చే ఫంక్షన్‌తో. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో 18వ వెర్షన్ నుంచి అది లోపలే వస్తుంది, బాగానే ఉంది, కానీ సర్వర్ 404 (పేజీ లేదు) అన్నా 500 (సర్వర్‌లోనే తప్పు) అన్నా ఫెచ్ దృష్టిలో అది ఎర్రర్ కాదు, నెట్‌వర్క్ తెగితేనే ఎర్రర్. జవాబులో ఓకే అవునా కాదా అని మనమే చూడాలి, వచ్చిన టెక్స్ట్‌ని జేసన్‌గా (ప్రోగ్రామ్ వాడుకునే డేటాగా) మనమే మార్చుకోవాలి, ఎంతసేపు ఆగాలో చెప్పే టైమవుట్ మనమే పెట్టాలి. ఇదంతా ప్రతి చోటా రాస్తే ఏదో ఒక చోట మర్చిపోతాం, కచ్చితంగా. కాబట్టి ఒకే ఫంక్షన్ రాయండి: ఫిల్టర్లు (ఏ జిల్లా, ఏ మార్కెట్ లాంటివి) తీసుకుని, కీ, ఫార్మాట్, లిమిట్ తనే కలిపి, ఓకే కాకపోతే ఎర్రర్ విసిరి, రికార్డులు మాత్రమే తిరిగిచ్చేది. పదిహేను లైన్లు దాటదు. అదీ బద్ధకమైతే కై అనే చిన్న లైబ్రరీ ఉంది, ఫెచ్ మీదే కట్టింది, 404 వస్తే ఎర్రర్ విసురుతుంది, టైమవుట్ మామూలుగా 10 సెకన్లు, కొన్ని రకాల ఫెయిల్యూర్లకి తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. యాక్సియోస్ అనే ఇంకో లైబ్రరీ కూడా మంచిదే, కానీ ఒక్క రేటు తెచ్చుకోడానికి లారీ మాట్లాడుకున్నట్టు.

ఫిల్టర్ పెట్టాక ఖాళీ లిస్టు వస్తే కోడ్‌ని అనుమానించకండి. ముందు ఫిల్టర్ లేకుండా ఒకసారి తెచ్చి స్పెల్లింగ్ చూడండి. నేను చూసినప్పుడు జిల్లా పేరు చిత్తూరు ఇంగ్లీషులో రెండు ఓలకు బదులు ఒక్క ఓతో ఉంది, మదనపల్లె చివర ఈ బదులు ఐ ఉంది. మనకు అలవాటైన స్పెల్లింగ్ కొడితే సున్నా రికార్డులు.

ఇంకొకటి, అందులో ధర క్వింటాల్‌కి. నేను వందతో భాగించకుండానే చెప్పేసరికి చిన్నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు.