ఎయిర్‌పోర్ట్‌లో క్యాప్సూల్ రూమ్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

క్యాప్సూల్ రూమ్ అంటే ఫ్లైట్ల మధ్య కాసేపు పడుకోవడానికి అద్దెకిచ్చే బుల్లి గది లేదా అర. రేటు, ఫోటోలు తర్వాత. ముందు ఆ రూమ్ సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ దాటాక లోపల ఉందో, బయట ఉందో తేల్చుకోండి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో యోటెల్‌ఎయిర్ లోపలే ఉంది, సింగపూర్ చాంగిలో అదే కంపెనీ హోటల్ జ్యూయెల్ అనే షాపింగ్ మాల్‌లో, అంటే బయట. బయట ఉంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే లెక్క, వీసా అవసరమైతే అది లేకుండా రూమ్ దాకా వెళ్లలేరు, డబ్బులు కట్టినా సరే. లోపలి రూమ్‌కి వేరే చిక్కుంది: రెండు టికెట్లు విడివిడిగా కొని, మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాల్సినవాళ్లు బయటికి రాక తప్పదు కాబట్టి అది పనికిరాకపోవచ్చు. రూమ్ మీరు ఫ్లైట్ ఎక్కే టెర్మినల్లోనే ఉందా అని కూడా చూడండి.

తర్వాత తేదీ. ఫ్లైట్ 15వ తేదీ తెల్లవారుజామున అయితే మీరు పడుకునేది 14 రాత్రి, కాబట్టి 14కే బుక్ చేయాలి. గంటల లెక్కన ఇచ్చేచోట ఈ గొడవ తక్కువ, కానీ టైమ్ అక్కడి లోకల్ టైమ్‌లో పెట్టాలి.

రూముల్లో రెండు రకాలున్నాయి. తలుపు, కొన్నిచోట్ల సొంత బాత్రూమ్ కూడా ఉండే చిన్న క్యాబిన్ ఒకటి. రెండోది 1979లో ఒసాకాలో మొదలైన జపాన్ పద్ధతి: ఒకదానిమీద ఒకటి పేర్చిన అరలు, సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, కూర్చోవచ్చు కానీ నిలబడలేం. చాలావాటికి తాళం ఉండదు, కర్టెనే. పాస్‌పోర్టు, డబ్బులు లాకర్లో పెట్టండి, పెద్ద సూట్‌కేసు ఎక్కడ పెట్టాలో ముందే అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అర అడిగి తీసుకోండి, పైదానికి నిచ్చెన ఎక్కాలి. ఇరుకు చోటంటే ఊపిరాడనట్టుండేవాళ్లు మాత్రం ఈ రకం జోలికి పోకండి.

పక్కవాళ్ల గురక, అర్ధరాత్రి బ్యాగు జిప్పుల చప్పుడు తప్పవు, ఇయర్‌ప్లగ్స్ ఉండాల్సిందే. బోర్డింగ్ అనౌన్స్‌మెంట్ లోపలికి వినపడుతుందని నమ్మొద్దు. అలారం వైబ్రేషన్‌లో పెట్టి ఫోన్ దిండు పక్కనే ఉంచుకోండి, టైమ్ కూడా ఫ్లైట్ బయల్దేరే టైమ్‌ని బట్టి కాదు, బోర్డింగ్ మొదలయ్యే టైమ్ నుంచి గేటుకి నడక, స్నానం, బయటి రూమైతే సెక్యూరిటీ క్యూ అన్నీ తీసేసి పెట్టండి. ఆ లెక్కలో నిద్రకి మూడు గంటలైనా మిగలకపోతే రూమ్ దండగ, షవర్ మాత్రమే ఇచ్చే లాంజ్ ఉందేమో చూడండి.