పేరు కాదు, సర్వే నంబరు పట్టుకోండి

వంశవృక్షం రాద్దామని కూర్చుంటే మూడో తరం దాటాక అందరూ వెంకయ్యలే, సుబ్బయ్యలే. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మరి! 1800ల నాటి రైతు కుటుంబాలకైతే పేరు కంటే పొలం నమ్మకమైన ఆనవాలు.

ముందు తద్దినంలో చెప్పే మూడు తరాల పేర్లు రాసుకోండి. తర్వాత ట్రంకు పెట్టె అడుగున పడున్న పాత దస్తావేజులో సర్వే నంబరు చూసి, ఆంధ్రాలో అయితే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), తెలంగాణలో అయితే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు అడగండి. ఏ నంబరు పొలం అప్పట్లో ఎవరి పేర ఉందో చెప్పే పాత భూమి రికార్డులివి.

అసలు సరుకంతా దస్తావేజు హద్దుల్లో ఉంటుంది. "తూర్పు: ఫలానా రామయ్య చేను" అన్నచోట ఆ రామయ్య చాలాసార్లు పంపకాల్లో పక్క ముక్క తీసుకున్న అన్నదమ్ముడే. నాలుగు హద్దుల పేర్లూ రాసుకుని ఊళ్లో పెద్దాళ్లను అడగండి. "రామయ్య మనకేమవుతాడు?" అంటే తడుముకుంటారు గానీ, "చెరువు కింద తూర్పు చేను ఎవరిది?" అంటే టకటకా చెప్పేస్తారు.

ఇల్లరికం ఉన్నచోట మాత్రం ఇది తప్పుదారి పట్టిస్తుంది. పొలం మామది, ఇంటిపేరు అల్లుడిది. ఇంటిపేరు మారగానే పొలం అమ్మేశారనుకోకుండా, క్రయపత్రం ఉందో లేదో చూడండి.