ఉత్తుత్తి ప్రేమను పాఠకులు నమ్మేలా రాయడం ఎలా?

ఉప్పూ నిప్పూ లాంటి ఇద్దరు ఏదో అవసరం కొద్దీ ప్రేమికులమని లోకానికి చెప్పుకొని, చివరకు నిజంగానే ప్రేమలో పడే కథ ఎలా ముగుస్తుందో పాఠకులకు మొదటి ప్రకరణంలోనే తెలిసిపోతుంది. అయినా వారు పుస్తకం వదలరు. ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతున్నదో వాళ్ళకంటే ముందే కనిపెట్టి, వాళ్ళు ఎప్పుడు గ్రహిస్తారా అని ఎదురుచూడటంలో ఉన్న సంతోషమే పాఠకులను చదివిస్తుంది. రచయిత ప్రతి సన్నివేశంలోనూ కాపాడుకోవలసింది దాన్నే.

మొదట నటించవలసిన అవసరాన్ని గట్టిగా అల్లుకోండి. ఎవరో ఒకరు నిజం చెప్పేస్తే తీరిపోయే ఇబ్బంది మీద నవల నిలవదు. ఒప్పందానికి గడువు, షరతులు పెట్టి, ఏ షరతు ఎక్కడ తప్పుతుందో ముందే నిర్ణయించుకోండి.

స్వభావాల విషయంలో చాలామంది పొరబడతారు. ఒకరు మాటకారి, మరొకరు మౌని అని రాసుకుంటే అవి అలవాట్లే అవుతాయి. ఒకే భయానికి ఇద్దరూ వెతుక్కున్న రెండు జవాబుల్లో అసలైన వైరుధ్యం ఉంటుంది: తనను వదిలి వెళ్ళిపోతారన్న భయంతో ఒకరు ఎవరినీ దగ్గరకు రానివ్వరు, అదే భయంతో మరొకరు అందరినీ మెప్పించాలని చూస్తారు. అవమానించడాన్ని వైరుధ్యంగా చూపడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ గాయం మానకముందే ప్రేమ పుట్టిందంటే పాఠకులు నమ్మలేరు. 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ ఆంగ్ల నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో 61 ప్రకరణాలు ఉంటే, నాయకుడు తొలిసారి పెళ్ళి ప్రస్తావన తెచ్చేది, తిరస్కారం పొందేది 34వ ప్రకరణంలో, అహంకారంతో అన్న మాటలకు అతడు, తొందరపాటు అంచనాలకు ఆమె పశ్చాత్తాపపడి మారడానికి మిగిలిన పుస్తకమంతా పట్టింది.

ఇక కథకు ప్రాణమైన నటన సంగతి. మామూలుగా నోరు దాటని మాటకు నటన అనుమతి ఇస్తుంది. ఓ విందులో ఎవరో “ఈమెలో మీకేం నచ్చింది?” అని అడిగారనుకోండి. అతడు బట్టీపట్టిన జవాబు వదిలేసి, ఓడిపోతున్నప్పుడు ఆమె గొంతు మరింత నెమ్మదిస్తుందని చెబుతాడు. ఎంతో కాలంగా గమనిస్తే తప్ప తెలియని విషయమది. ఆమె దాన్ని చక్కని నటనగా మెచ్చుకుంటుంది, పాఠకుల గుండె మాత్రం ఝల్లుమంటుంది. అతిథులు వెళ్ళిపోయాక కూడా చేతులు విడివడకపోతే, ఆ క్షణాన్ని వివరించకుండా వదిలేయండి.

నిజం చెప్పినా నటనేననుకునే స్థితి నుంచే సంక్షోభాన్ని పుట్టించండి. చాటుగా విన్న సంభాషణలు, హఠాత్తుగా ఊడిపడే పాత ప్రియురాళ్ళు అక్కర్లేదు. చివరి ప్రేమ ప్రకటన వినడానికి ఆ ఇద్దరు తప్ప మరెవరూ ఉండకూడదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక, చూసేవాళ్ళెవరూ లేని సన్నివేశాలను మాత్రమే విడదీసి వరుసగా చదవండి. వాటిలో ప్రేమ అంచెలంచెలుగా పెరగడం కనిపించకపోతే, విందులనూ వేడుకలనూ తగ్గించి ఆ ఇద్దరికీ మరికొంత ఏకాంతం ఇవ్వండి.