ఉద్దానం మేడ మీద నుంచి స్కల్ప్టర్ గెలాక్సీని ఇలా చూడండి

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. పెరట్లో నాన్న నాటిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నాలుగో రాత్రి నిద్ర పట్టక మేడ ఎక్కితే, ఎప్పుడూ మట్టల వెనక ఉండే దక్షిణ ఆకాశం మొత్తం తెరుచుకుని ఉంది. 10×50 బైనాక్యులర్‌తో (పది రెట్లు పెద్దదిగా చూపేది, 50 మి.మీ. లెన్సులది) స్కల్ప్టర్ గెలాక్సీని, అంటే ఖగోళ జాబితాల్లోని ఎన్‌జీసీ 253ని, మొదటిసారి చూసింది ఆ రాత్రే. అప్పటి నుంచి ఏటా చూస్తున్నాను.

కార్తీక బహుళం చివరి రోజులు మంచివి. నవంబరు మధ్యలో రాత్రి తొమ్మిదింటికి అది సరిగ్గా దక్షిణాన, దిగంతానికీ నడినెత్తికీ మధ్యలో ఉంటుంది. దీపావళి రాత్రి మాత్రం పొగ, కుదరదు. మేడ మీద పడక్కుర్చీ వేసుకుని, ఫోన్ కింద వదిలేసి, అరగంట చీకట్లో కూర్చోండి. ఈ అరగంట తగ్గిస్తే ఏమీ కనబడదు. మంచు పడుతుంది కాబట్టి లెన్సులకు పొడి తువ్వాలు కప్పి ఉంచండి.

నడినెత్తి దగ్గర ఉత్తరాభాద్ర జంట చుక్కలు పట్టుకోండి. వాటిని కలిపే గీతను దక్షిణానికి, వాటి మధ్య దూరానికి రెండింతలు పైగా పొడిగిస్తే, కాస్త ఎడమగా ఒంటరిగా మెరిసే చుక్క డిఫ్డా. దాన్ని బైనాక్యులర్‌లో పై అంచుకు తెచ్చి, ఇంకొంచెం కిందికి దించండి. ఎడమ పై నుంచి కుడి కిందికి వాలిన మసక గీత కనబడుతుంది, వేలితో రాసిన విభూతి రేఖలాగా. పొడవు దాదాపు నిండు చంద్రుడి వెడల్పంత. సూటిగా చూస్తే మాయమైపోతుంది, ఓరచూపుతో చూడండి. దాని కింద, కాస్త ఎడమగా, గుండ్రటి మసక మరొకటి కనిపిస్తే అది ఎన్‌జీసీ 288, మన పాలపుంతకు చెందిన తారాగుచ్ఛం. దూరం దాదాపు 30 వేల కాంతి సంవత్సరాలు. గీత మాత్రం కోటి కాంతి సంవత్సరాలకు పైనే.

అది నిజానికి గీత కాదు. అన్నం కంచాన్ని కళ్లకు ఎదురుగా, అంచు మనవైపు ఉండేలా పట్టుకుని, కొంచెం వాల్చండి. సర్పిలాకారపు గెలాక్సీ మనకు అలా కనిపిస్తోంది, అంతే. ఆరంగుళాల టెలిస్కోపు ఉంటే ఆ గీత ఒకేలా ఉండదు, అక్కడక్కడా ముద్దలు, మరకలు. ఆ మరకలు ధూళి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నడిమి భాగం. అక్కడ నక్షత్రాలు విపరీతమైన వేగంతో పుడుతున్నాయి. వాటిలో పెద్దవి త్వరగా పేలిపోతాయి, ఆ ధాటికి వాయువు కంచానికి పైకీ కిందికీ ఎగజిమ్ముతుంది. 2013లో చిలీలోని అల్మా టెలిస్కోపు ఆ ప్రవాహాన్ని కొలిచింది. ఏటా మూడు నుంచి తొమ్మిది సూర్యులంత పదార్థం బయటికి పోతోందని తేలింది. కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన సరుకే అది. కంటికి ఆ వాయువు కనబడదు, కానీ గీతకు అడ్డంగా ఎటు పోతోందో తెలిసి చూస్తే చూపు అక్కడే ఆగిపోతుంది.

1783లో ఖగోళ పరిశోధకురాలు కరోలిన్ హెర్షెల్ ఈ గెలాక్సీని ఇంగ్లండ్ నుంచి కనిపెట్టింది. అక్కడ ఇది దిగంతానికి పదిహేను డిగ్రీల ఎత్తు కూడా దాటదు. మనకు నలభై ఐదు డిగ్రీలు.

కొబ్బరి మొక్కలు మళ్లీ ఎదుగుతున్నాయి. అందుకే ఈసారి కుర్చీ మేడ తూర్పు మూలకు జరిపాను.