ఉప్పునీటి బోటుతో మస్కీ వేట: ఎలా ఎంచుకోవాలి, ఎలా సిద్ధం చేసుకోవాలి?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కనున్న సెయింట్ క్లెయిర్ సరస్సును మొదటిసారి చూసినవాళ్ళు సముద్రమే అనుకుంటారు. అవతలి ఒడ్డు కనిపించదు. సుమారు 430 చదరపు మైళ్ళ నీరు, కానీ లోతు సగటున 10, 11 అడుగులే. చిక్కంతా ఈ లోతుతోనే. నీళ్ళు లోతు తక్కువగా ఉన్నచోట గాలి లేస్తే కెరటాలు నిదానంగా రావు. పొట్టిగా, నిలువుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చి తంతాయి. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి చిన్న బోటులో ఉన్నవాడి చేత దేవుళ్ళందరినీ తలిపిస్తుంది.

మస్కీలకు పేరున్నది ఇలాంటి చోటే. మస్కీ అంటే మస్కెలంజ్, పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద చేప. మన కొరమీను లాగే నాచు పక్కన మాటు వేసి, ఒక్క దూకుతో ఎరను అందుకుంటుంది. పదివేల సార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని దీనికి పేరు. అన్ని విసుర్లు విసరాలంటే గాలి రోజుల్లో కూడా నీటి మీద నిలబడగలగాలి. అందుకే కొందరు సముద్రం కోసం చేసిన బోట్లను ఇక్కడికి తెచ్చుకుంటున్నారు. నేనూ అదే చేశాను. కొన్ని తప్పులు చేశాక తెలిసిందేమిటంటే, ఉప్పునీటి బోటు కెరటాలను ఎలాగూ తట్టుకుంటుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. చూడాల్సింది బోటు అంచు. మస్కీ చాలాసార్లు ఎర వెంట బోటు దాకా వచ్చి అక్కడ కొరుకుతుంది. పట్టిన చేపను తిరిగి నీటిలోకి వదిలిపెట్టేదీ అక్కడే. కాబట్టి బోటు చూడటానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక కొలత టేపు వేసుకోండి.

ముందు మీ సరస్సేదో తేల్చుకోండి

సెయింట్ క్లెయిర్, మిన్నెసోటాలో 1,32,000 ఎకరాల మిల్ లాక్స్, విస్కాన్సిన్ వైపు గ్రీన్ బే, సెయింట్ లారెన్స్ నది లాంటి విశాలమైన నీళ్ళకు ఉప్పునీటి బోటు సరిగ్గా అతుకుతుంది. విస్కాన్సిన్‌లో హేవర్డ్ చుట్టూ ఉన్న చిన్న సరస్సులకైతే వద్దు. చిప్పెవా ఫ్లోవేజ్ అనే జలాశయంలో నీటి కింద మోడులు, పైన తేలే నాచు దిబ్బలు. అక్కడ 24 అడుగుల బోటు ఇరుకు సందులో లారీ లాంటిది. (హేవర్డ్ వెళితే మాత్రం 143 అడుగుల ఫైబర్‌గ్లాస్ మస్కీ బొమ్మ నోట్లోకెక్కి ఫొటో దిగకుండా రాకండి.)

ఏ రకం బోటు?

నా ఓటు బే బోటుకే. 20 నుంచి 24 అడుగుల పొడవు, ముందూ వెనకా విశాలమైన బల్లపరుపు డెక్కు, పక్క అంచులు తక్కువ ఎత్తు, అడుగున సుమారు ఒక అడుగు నీళ్ళుంటే తేలుతుంది. స్టీరింగు మధ్యలో ఉంటుంది కాబట్టి చుట్టూ తిరగొచ్చు. చేప బోటు కింద నుంచి అవతలి పక్కకు పోతే రాడ్డు పట్టుకుని దాని వెంట నడిచి వెళ్ళొచ్చు, అద్దమూ కుర్చీలూ అడ్డురావు.

లోతు సముద్రానికి చేసిన సెంటర్ కన్సోల్ బోట్లు ఇంకా గట్టివి. అడుగు భాగం బాగా V ఆకారంలో ఉండి కెరటాన్ని కోసుకుంటూ పోతుంది. కానీ అంచులు ఎత్తు. ఎర లాగుతూ తిరిగే ట్రోలింగ్ మాత్రమే చేసేవాళ్ళకు ఇవి బంగారం. రోజంతా నిలబడి గాలం విసిరేవాళ్ళకు నడుము నొప్పి.

రెండిటిలోనూ ఒక సుఖం ఉంది. డెక్కు నీటిమట్టం కన్నా పైన ఉంటుంది, వెనక రంధ్రాలుంటాయి, లోపల పడ్డ నీరు దానంతటదే బయటికి పోతుంది. వెనక నుంచి కెరటం ఎక్కిన రోజున దాని విలువ తెలుస్తుంది.

పైన టీ-టాప్ నీడ ఉన్న బోటు చూడటానికి బావుంటుంది. తొమ్మిదడుగుల రాడ్డు తల మీదుగా విసిరితే మాత్రం ఎర ఆ గొట్టాలకు తగులుతుంది. ట్రోలింగ్ కోసమైతే ఉంచుకోండి, విసరడానికైతే లేనిది తీసుకోండి.

టేపుతో మూడు కొలతలు

మొదటిది, మీరు నిలబడే చోటు నుంచి నీటి దాకా. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. విసిరిన ప్రతిసారీ, ఎర బోటు దగ్గరికి వచ్చాక పైకి లాగేయకూడదు. రాడ్డు కొసను నీటిలో ముంచి, అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకె రాసినట్టు, వెడల్పైన మలుపులతో ఎరను తిప్పాలి. వెనకే వచ్చిన మస్కీ ఆ మలుపులో కొరుకుతుంది. అది పొడవైన చేప. మలుపు ఇరుకైతే తిరగలేక వెళ్ళిపోతుంది. డెక్కు నీటికి రెండడుగుల ఎత్తులో ఉంటే తొమ్మిదడుగుల రాడ్డుతో ఈ 8 హాయిగా వస్తుంది. మూడున్నర అడుగుల ఎత్తు నుంచి ప్రయత్నించండి, రాడ్డు దాదాపు నిలువుగా వేలాడుతుంది, ఎర గిరగిరా చిన్న సున్నా చుడుతుంది. అలాంటి బోటే కొనాల్సి వస్తే తొమ్మిదిన్నర, పదడుగుల రాడ్డుకు మారక తప్పదు.

ఇదే కొలతకు ఇంకో పరీక్ష ఉంది, టేపు కూడా అక్కర్లేదు. బోటు నీటిలో ఉండగా అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కిందికి చాపండి. మణికట్టు తడవాలి. తడవకపోతే వలలో ఉన్న చేప నోటి నుంచి గాలం ఎలా తీస్తారు? బోటు ట్రెయిలరు మీద ఉంటే ఈ పరీక్ష కుదరదు, నీటిలోకి దించమని అడగండి. అమ్మేవాడు విసుక్కున్నా ఫర్వాలేదు.

రెండోది, రాడ్డులు పెట్టుకునే అర. సముద్రపు బోట్లలో ఇవి చాలావరకు ఏడడుగుల రాడ్డుల కోసం చేసినవి. మస్కీ రాడ్డులు చాలావరకు ఎనిమిదడుగులకు పైనే. నేను ఇది కొలవకుండా కొన్నాను. ఇంటికొచ్చి కొత్త రాడ్డు అరలో పెడితే ముప్పావు వంతు లోపలికి వెళ్ళి ఆగింది, మూత పడలేదు. ఆ ఏడాదంతా రాడ్డులు డెక్కు మీదే పడుకున్నాయి, మేము వాటి మీద అడుగుపడకుండా దాటుతూ తిరిగాం. పిడి లోపలికి జరిగే టెలిస్కోపిక్ రాడ్డులు దొరుకుతాయి, అర చిన్నదైతే అవే దిక్కు.

మూడోది, బోటు ముక్కు నుంచి నీటి దాకా. ముందు భాగంలో బిగించే ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారుకు (పెద్ద ఇంజను ఆపి బోటును మెల్లగా కదిపేది) ఈ కొలతే ఆధారం. వచ్చిన సంఖ్యకు కనీసం 20 అంగుళాలు కలిపి ఆ పొడవు కడ్డీ ఉన్న మోటారు తీసుకోండి. పొట్టిదైతే ప్రతి కెరటానికీ ఫ్యాను గాల్లోకి లేచి గర్రుమంటుంది. 22 అడుగులు దాటిన బోటుకు 24 వోల్టులు సరిపోవు, 36 వోల్టుల మోటారే ఉండాలి. బోటుతో పాటు ఉప్పునీటి రకం మోటారు వస్తే మార్చకండి, అది మంచినీటిలోనూ బాగా పనిచేస్తుంది. మంచినీటి రకాన్ని ఉప్పులో దించితేనే ప్రమాదం. జీపీఎస్‌తో ఒకేచోట నిలిపే సదుపాయం ఉంటే లంగరు తాడుతో పని తక్కువ.

ఫ్లోరిడా నుంచి వచ్చిన బోటును ఎలా పరీక్షించాలి?

ఫ్లోరిడాలో బే బోట్లు దండిగా ఉంటాయి, ధరలు బేరానికి వస్తాయి. కానీ ఉప్పు ఎక్కడెక్కడ దూరిందో చూడాలి. ముందు స్టీరింగు కింద తలుపు తీసి, సెల్‌ఫోను లైటు వేసి, ఫ్యూజుల పెట్టె చూడండి. రాగి తీగల కొసల్లో పచ్చటి పొడి కనిపిస్తే, బోటంతా వైరింగు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష, చేయించండి. కింది గేరు పెట్టె ఆయిలు కొద్దిగా తీసి చూడండి, పాల రంగులో ఉంటే లోపల నీరు చేరిందని అర్థం. డెక్కు మీద అంతటా నడవండి, ఎక్కడన్నా మెత్తగా దిగితే లోపల కుళ్ళింది. ఆ బోటు వదిలేయండి.

ట్రెయిలరును ఎవరూ సరిగ్గా చూడరు. ఉప్పునీటిలో మునిగి లేచిన బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. మా బావమరిది తెచ్చుకున్న బోటు ట్రెయిలరు దారిలో ఒక చక్రం వేడెక్కి పొగ వచ్చింది. మెకానిక్ దొరికేదాకా రెండు రోజులు మోటెల్లో పడుకున్నాడు. బోటులో బేరమాడి మిగిల్చిన డబ్బు అక్కడే పోయింది. బేరింగులు, బ్రేకులు బయల్దేరే ముందే మార్పించండి.

జింకు దిమ్మలు తీసేయండి

చాలామందికి తెలియని విషయం ఇది. ఇంజను లోహం తినిపోకుండా దాని మీద చిన్న లోహపు దిమ్మలు, ఆనోడ్లు, బిగిస్తారు. ఇంజను బదులు అవి కరిగిపోతాయి. ఉప్పునీటిలో జింకు వాడతారు. అదే జింకును మంచినీటిలో ఉంచితే పైన ఒక పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. చూడటానికి దిమ్మ కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది, అరిగేది మాత్రం మీ ఇంజను. పూర్తిగా మంచినీటికైతే మెగ్నీషియం పెట్టించండి. చలికాలంలో గల్ఫ్ తీరానికీ తీసుకెళ్ళే ఉద్దేశముంటే అల్యూమినియం మేలు, ఎందుకంటే మెగ్నీషియం ఉప్పునీటిలో త్వరగా కరిగిపోతుంది. వేట అవగానే ట్రెయిలరు ఎక్కించేవాళ్ళకు ఇది అంత తొందర పని కాదు. ఎండాకాలమంతా రేవులో కట్టి ఉంచేవాళ్ళు మొదటి వారమే చేయించాలి. ఆనోడ్ల మీద రంగు మాత్రం వేయకండి.

ట్రోలింగ్ అమరిక

మిషిగన్‌లో ఒక్కొక్కరికి మూడు గాలాల దాకా అనుమతి ఉంది. ముగ్గురుంటే తొమ్మిది. సముద్రపు బోటు అంచుల్లో రాడ్డు గొట్టాలు ముందే ఉంటాయి కానీ అవి వెనక్కి వాలి ఉంటాయి. మస్కీ ట్రోలింగ్‌లో కొన్ని రాడ్డుల కొసలు నీటివైపు దించి పెట్టాలి, ఎర ఇంజను ఫ్యాను నురగలోనే, బోటుకు బాగా దగ్గరగా ఈదాలి. అంత చప్పుడులో చేప వస్తుందా అనిపిస్తుంది. వస్తుంది. అందుకని అంచు మీద పట్టాలు బిగించి, ఏ కోణానికైనా తిప్పగలిగే హోల్డర్లు పెట్టించుకోండి. గంటకు 3 నుంచి 5 మైళ్ళ వేగం చాలు. దారం 80 నుంచి 100 పౌండ్ల అల్లిక దారం, ముందు 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లేదా ఉక్కు తీగ. ఆ పళ్ళకు మామూలు దారం సేమ్యా.

మస్కీ ఎరల్లో కొన్ని అర కిలో దాకా తూగుతాయి, మూడు ముళ్ళ గాలాలు రెండేసి వేలాడుతుంటాయి. నిగనిగలాడే తెల్ల డెక్కు మీద ఒక్కసారి జారిపడితే పెచ్చు లేచిపోతుంది. నిలబడే చోట ఫోమ్ చాప అతికించండి. నవంబరులో మంచు పేరుకున్న ఆ తెల్ల డెక్కు సబ్బు రాసినట్టు జారుతుంది, దానికీ ఈ చాపే మందు.

చేపను వదిలేటప్పుడు

వల పెద్దది, రబ్బరు పూత ఉన్నది, పిడి పొడవైనది కావాలి. చేప వలలో పడ్డాక బోటులోకి ఎత్తకండి. వలతో సహా నీటిలోనే ఉంచండి. ఎర పెట్టే ట్యాంకులో దాన్ని కూరడానికి అసలే ప్రయత్నించకండి. పొడవాటి శ్రావణం, గాలాన్ని కత్తిరించే కట్టరు చేతికందేంత దూరంలో, ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. గాలం లోతుగా దిగితే లాగకుండా కత్తిరించేయండి, గాలం ఖరీదు ఎంతని! ఫొటో తీసుకునేవాడు ముందే సిద్ధంగా ఉండాలి, ఎత్తడం, క్లిక్కు, దించడం, అంతే. నీటి పైపొర 80 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే మస్కీ వేట ఆపేయండి. వేడి నీటిలో పోరాడిన చేప ఈదుకుంటూ వెళ్ళినా తర్వాత చచ్చిపోవచ్చు.

ఇంటికి తీసుకెళ్దామనుకుంటే మిషిగన్‌లో ఏడాదికి ఒక్కటే, మిన్నెసోటాలో చాలా నీళ్ళలో 54 అంగుళాలు ఉంటేనే. నిబంధనలు మారుతుంటాయి, ఏటా ప్రభుత్వం ఇచ్చే గైడు చూడండి. పులుసు గురించి అడిగే పెద్దవాళ్ళకు వాలై అనే చేపను చూపించండి, అది ఎలాగూ రుచి.

కాగితాలు, సరిహద్దు

సెయింట్ క్లెయిర్‌లో సగానికి పైగా కెనడాది. నీటి మీద గీత కనిపించదు, మ్యాపు తెరలో కనిపిస్తుంది. అటువైపు గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్సు కావాలి. వీసా మీద ఉన్న మనవాళ్ళు ఆ గీతకు బాగా ఇవతలే తిరగడం మంచిది, చేప కోసం ఇమిగ్రేషన్ టెన్షన్ ఎందుకు? 1996 జూన్ 30 తర్వాత పుట్టినవాళ్ళు మిషిగన్‌లో మోటారు బోటు నడపాలంటే బోటు భద్రత సర్టిఫికెట్ ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లలో ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలన్న ఫెడరల్ నియమం 2021 ఏప్రిల్ నుంచి ఉంది. ముందు అద్దం లేని బోటులో కెరటం కొడితే మనిషి కిందపడేది క్షణంలోనే.

చలి, ఆ తర్వాత శీతాకాలం

పెద్ద మస్కీలకు అక్టోబరు, నవంబరు మంచి నెలలు. బే బోటుకు అసలైన లోపం అప్పుడే బయటపడుతుంది. గాలికి అడ్డమేమీ ఉండదు. స్టీరింగు చుట్టూ బిగించే పారదర్శక తెర చేయించుకోండి. మంచు మీద నడిపే స్నోమొబైల్ బండ్ల వాళ్ళు వేసుకునే సూటు, హెల్మెట్ వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. మొదట నవ్వొచ్చింది, తర్వాత నేనూ కొనుక్కున్నాను.

ఫ్లోరిడా బోటుకు గడ్డకట్టడం అంటే ఏమిటో తెలియదు. అందులో డెక్కు కడిగే పంపు, ఎర ట్యాంకుల పంపులు, వాటి గొట్టాలు ఎక్కడెక్కడో తిరుగుతుంటాయి. వాటిలో మిగిలిన గ్లాసెడు నీరు చాలు పగలగొట్టడానికి. అన్నీ ఖాళీ చేసి, గడ్డకట్టకుండా కాపాడే గులాబీ రంగు ద్రవం, ఆర్‌వీ యాంటీఫ్రీజ్, పోసి, అది అవతల బయటికి వచ్చేదాకా ప్రతి పంపునూ విడివిడిగా నడపండి. గేరు ఆయిలు మార్చండి. పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి కాసేపు ఇంజను నడపండి. ఇంజనును నిలువుగా దించి ఉంచితే లోపలి నీరు కారిపోతుంది.

అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు కూడా తీసేయాలి. ఇది చలికాలానికే కాదు, మిషిగన్‌లో బోటును రోడ్డెక్కించే ముందు ప్లగ్గులన్నీ తీసి, నీరు వంపి, నాచు దులపాలని చట్టం. 1988లో సెయింట్ క్లెయిర్‌లోనే బయటపడ్డ జీబ్రా ఆల్చిప్పలు ఎంత దూరం పాకాయో చూశాక పెట్టిన జాగ్రత్త అది. తీసిన ప్లగ్గును బోటు తాళంచెవికి దారంతో కట్టేయండి. వసంతంలో రేవు దగ్గర ఆ తాళం తీసుకున్నప్పుడు అదే గుర్తుచేస్తుంది.