తనిఖీలో కారు ఫెయిలైతే తక్కువ ఖర్చుతో ఎలా బాగుచేయించుకోవాలి?

రోడ్డు మీద నడపడానికి తగినదేనా, పొగ ఎక్కువగా వదలడం లేదు కదా అని చూసే తనిఖీలో కారు ఫెయిలైందనగానే చాలామంది దగ్గర్లోని గ్యారేజీకి వెళ్లి, "అన్నీ చూసి బాగుచేసేయండి" అంటారు. చేతిలో డబ్బు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఇంతకంటే ఖరీదైన మాట ఇంకోటి ఉండదు. తనిఖీ వాళ్లు అడిగింది నాలుగు పనులైతే, మెకానిక్ చూపించేవి పది ఉంటాయి. ఆ పదీ నిజమే కావచ్చు. కానీ అన్నీ ఈ నెలలోనే చేయించాల్సినవి కావు.

1. ముందు రిపోర్టు చదవండి

రిపోర్టులో సాధారణంగా రెండు రకాల లోపాలు ఉంటాయి. కొన్ని కారును ఫెయిల్ చేసినవి. మిగతావి "త్వరలో చూసుకోండి" అని సలహాగా రాసినవి. వాటిని రెండు జాబితాలుగా విడదీయండి. డబ్బు మొదటి జాబితాకే.

అర్థం కాని మాట ఉంటే అక్కడే అడగండి. "బ్రేకులు బాగోలేవు" అంటే ప్యాడ్లు అరిగాయనా, ఒక చక్రం సరిగా పట్టడం లేదనా, హ్యాండ్ బ్రేక్ వదులైందనా? ఈ మూడింటి ఖర్చుకూ పొంతనే ఉండదు. హ్యాండ్ బ్రేక్ అయితే చాలాసార్లు కేబుల్ బిగిస్తే సరిపోతుంది.

మళ్లీ పరీక్షకు ఎన్ని రోజుల గడువుందో, ఆలోపు అక్కడికే తెస్తే ఫీజు తగ్గుతుందో లేదో కూడా కనుక్కోండి. చాలాచోట్ల ఇలాంటి వెసులుబాటు ఉంటుంది. బ్రేకులు, స్టీరింగ్, టైర్ల విషయంలో ప్రమాదకరం అని రాసి ఉంటే మాత్రం గడువు ఉందికదా అని నడపకండి.

2. చేత్తో అయ్యేవి మీరే చేయండి

కాలిపోయిన బల్బు, చిరిగిన వైపర్ రబ్బరు, మోగని హారన్, మురికి పట్టిన నంబర్ ప్లేటు. ఇలాంటి వాటికి కూడా కార్లు ఫెయిలవుతుంటాయి. హారన్ మోగకపోతే ముందు ఫ్యూజు చూడండి. ఎయిర్ ఫిల్టర్‌ను చాలా కార్లలో నాలుగు క్లిప్పులు తీసి మార్చేయవచ్చు. కారు కిందికి వెళ్లాల్సిన పని మాత్రం జాకీని నమ్ముకుని చేయకండి. కింద గట్టి స్టాండ్లు పెట్టలేకపోతే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

3. పార్టు కొనేముందు కారణం తేల్చుకోండి

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ముఖ్యంగా పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైనప్పుడు.

డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే, స్కానర్ పెట్టి కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చూస్తారు. కోడ్ ఒక సూచన మాత్రమే. అది ఫలానా పార్టు పోయిందని తీర్పు చెప్పదు. ఉదాహరణకు పి0420. క్యాటలిటిక్ కన్వర్టర్ పొగను సరిగా శుద్ధి చేయడం లేదని కంప్యూటర్‌కు అనిపిస్తే ఈ కోడ్ వస్తుంది. చాలామంది వెంటనే కన్వర్టర్ మార్చేస్తారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాలుంటాయి కాబట్టి కారులో బాగా ఖరీదైన పార్టుల్లో అదొకటి. తీరా చూస్తే తప్పు సైలెన్సర్ గొట్టంలో లీకుదో, పాతబడిన ఆక్సిజన్ సెన్సార్‌దో కావచ్చు.

కన్వర్టర్ నిజంగానే పోయినా, ఎందుకు పోయిందో చూడాలి. స్పార్క్ ప్లగ్గు గానీ, దానికి కరెంటు పంపే కాయిల్ గానీ సరిగా పనిచేయక ఇంజన్ మిస్ కొడుతుంటే (దీన్నే మిస్‌ఫైర్ అంటారు), కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. మిస్‌ఫైర్ సంగతి తేల్చకుండా కొత్త కన్వర్టర్ వేయడం, పైకప్పు కారుతుండగా తడిసిన గోడకు సున్నం వేయడం లాంటిదే.

పి0455 లాంటి కోడ్ వస్తే అంత భయపడక్కర్లేదు. ట్యాంకు దగ్గర పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని దానర్థం. ముందు ట్యాంకు మూత చూడండి. సరిగా బిగించకపోయినా, దాని రబ్బరు పగిలినా ఈ కోడ్ వస్తుంది.

గొట్టం పెట్టి పొగను కొలిచే పరీక్ష అయితే అంకెలే దారి చూపిస్తాయి. హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉంటే పెట్రోలు కాలకుండా బయటికి వస్తోందని అర్థం, కాబట్టి ప్లగ్గుల వైపు చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే గాలికి మించి పెట్రోలు వెళ్తోందని. ఎయిర్ ఫిల్టర్, సెన్సార్లు, ఇంజెక్టర్లు చూడాలి. డీజిల్ కారులో నల్లపొగకూ మొదట చూడాల్సింది ఎయిర్ ఫిల్టరే.

అందుకే, లోపం కనిపెట్టడానికి విడిగా ఫీజు అడిగే మెకానిక్‌ను చూసి విసుక్కోకండి. "ఇది మార్చి చూద్దాం, తగ్గకపోతే అది మారుద్దాం" అనేవాడి దగ్గరే చివరికి ఎక్కువ ఖర్చవుతుంది.

4. రెండు మూడు చోట్ల ఎస్టిమేట్ అడగండి

రిపోర్టు ఫొటో చూపించి, "ఇందులో ఉన్న పనులకు మాత్రమే చెప్పండి" అనండి. పార్టు ధర, కూలీ విడివిడిగా రాయించుకోండి. మీకు చెప్పకుండా అదనపు పని చేయవద్దని ముందే అనండి. పాత పార్టులు మీకే ఇవ్వమని అడగండి. ఆ ఒక్క మాటతోనే చాలా అనవసరపు మార్పిడులు ఆగిపోతాయి.

కలిపి చేస్తే కూలీ మిగిలే పనులుంటాయి. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపేది), బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపేది) రెండూ మార్చాల్సి ఉంటే ఒకేసారి చేయించండి. టై రాడ్ ఎండ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు, అది ఒక్కసారితో పోతుంది.

కంపెనీ మీ మోడల్ మీద రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి కార్లను వెనక్కి పిలవడం) ప్రకటించిందేమో కూడా ఛాసిస్ నంబరుతో చూసుకోండి. మీ లోపం అందులో ఉంటే మామూలుగా ఉచితంగానే చేస్తారు.

మొత్తం ఖర్చు కారు అమ్ముడుపోయే ధరకు దగ్గరగా వస్తోందా? చట్రం తుప్పు పట్టి వెల్డింగ్ దాకా వచ్చిందా? అయితే పని మొదలుపెట్టకముందే అమ్మకం గురించి ఆలోచించండి. సగం పని అయ్యాక తీసుకునే నిర్ణయాల్లో మొహమాటం ఎక్కువ, లెక్క తక్కువ.

5. ఏ పార్టు పాతది, ఏది కొత్తది?

సైడ్ మిర్రర్లు, లైట్లు, డోర్ హ్యాండిళ్లు, కిటికీ గ్లాసులు స్క్రాప్ యార్డు నుంచి తెచ్చినా ఏం కాదు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ హోసులు, స్టీరింగ్ జాయింట్లు మాత్రం కొత్తవే కొనండి. కంపెనీ పెట్టెలోదే కానక్కర్లేదు, పేరున్న తయారీదారుదైతే చాలు. ప్యాడ్లు ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి. డిస్కులు కూడా మార్చాలంటే కొలిచి చూపించమనండి. ఉండాల్సిన కనీస మందం సాధారణంగా డిస్కు మీదే ముద్రించి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ టైరు తప్పనిసరైతే టైరు పక్క గోడ మీద ముద్రించిన తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే.

6. మళ్లీ పరీక్షకు వెళ్లేముందు

కోడ్ చెరిపేసి నేరుగా పరీక్షకు వెళ్తే పాసైపోతామనుకోకండి. చెరిపినప్పుడు, బ్యాటరీ వైరు తీసినప్పుడు కూడా కారు తన మీద తాను చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ పోతాయి. స్కానర్‌లో అవి "పూర్తి కాలేదు" అని కనిపిస్తే వెనక్కి పంపేస్తారు. కొన్ని రోజులు ఊళ్లోనూ, హైవే మీదా మామూలుగా నడపండి. ఈలోగా ట్యాంకు మరీ నిండుగా గానీ, ఖాళీగా గానీ ఉంచకండి. అలా ఉంటే ఆవిరి లీకు పరీక్ష జరగదు. పొగ కొలిచే పరీక్షకైతే ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి వెళ్లండి.

పాత రిపోర్టు, బిల్లులు వెంట పెట్టుకోండి. మళ్లీ ఫెయిలైతే కొత్త రిపోర్టులో ఉన్నది పాత లోపమేనా, కొత్తదా చూడండి. పాతదే అయితే బిల్లుతో సహా ఆ మెకానిక్ దగ్గరికే వెళ్లి, మళ్లీ కూలీ ఇవ్వకుండా సరిచేయించుకోండి.