వరి మడికి ఆపి ఆపి నీళ్లు: మీథేన్ తగ్గించే పద్ధతి

యాసంగి మడిలో కాలు పెడితే బుడగలు తేలుతాయి కదా, వాటిలో మీథేన్ ఉంటుంది. నిలవనీటి కింద మట్టికి గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు కుళ్లే కొయ్యకాళ్ల మీద బతుకుతూ ఈ వాయువును వదులుతాయి. ఇరవై ఏళ్ల లెక్కలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అయితే గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే. అంటే మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి ఇప్పుడు తగ్గిస్తే ఫలితం మన కాలంలోనే అందుతుంది. నాకు ఆశ కలిగించేది ఇదే.

మిర్యాలగూడ దగ్గర మా బోరు పొలంలో నేను చేసేది చెబుతాను. నేల కింద నీళ్లు ఎంత దిగాయో చూడటానికి, లోపలికి చెయ్యి పట్టేంత వెడల్పున్న పీవీసీ పైపు, 30 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఆ సగం మట్టిలో దిగేలా పాతండి. లోపలి మట్టి చేత్తో తోడేయాలి. ఒడ్డుకు దగ్గరగా ఉంటే రోజూ చూడటం సులువు.

నాటాక రెండు వారాలు నీళ్లు నిలపండి, లేకుంటే కలుపు తన్నుకొస్తుంది. తర్వాత ఆపేయండి. మడి పైన ఆరినా టెన్షన్ పడొద్దు. పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టండి. పూత సమయంలో మాత్రం అస్సలు ఆరనివ్వద్దు, గింజ తాలు పోతుంది.

మోటారుకు ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేసేది) ఉంటే ఇదంతా వృథా, ముందు అది తీయించండి. యూరియా ఆరిన మడిలో చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి.